పొలం తాకట్టు పెట్టకుండా ఇంగ్లిష్ పీజీ: ఏ ఆర్థిక సాయం ఎవరికి సరిపోతుంది

అమలాపురం, తణుకు, భీమవరం, మండపేట చుట్టుపక్కల డిగ్రీ పూర్తి చేసిన పిల్లల్లో ఇంగ్లిష్ సాహిత్యమంటే ప్రాణం పెట్టేవాళ్లు ఏటా కనిపిస్తూనే ఉంటారు. కొందరు సొంతంగా కథలు రాస్తారు, కవిత్వం రాస్తారు. పీజీ మాట ఎత్తగానే ఇంట్లో రెండు ప్రశ్నలు వస్తాయి: ఎంతవుతుంది, అయ్యాక ఏమొస్తుంది? రెండూ న్యాయమైన ప్రశ్నలే. వాటికి జవాబు లేకుండా అప్లికేషన్ ఫీజులు కట్టడం మొదలుపెట్టకూడదు.

బీటెక్ చేసి అమెరికా వెళ్లే దారి మన వైపు అందరికీ తెలుసు. బ్యాంకు లోను, అరెకరమో ఎకరమో తాకట్టు, రెండేళ్ల ఎమ్మెస్, ఉద్యోగం, అప్పు తీర్చడం. ఇంగ్లిష్ చదివేవాళ్లు అదే దారిలో నడిస్తే ఇరుక్కుపోతారు. సాఫ్ట్‌వేర్ జీతాన్ని చూసుకుని చేసిన అప్పు కథారచన డిగ్రీతో తీరదు. అయితే ఎమ్మెస్ పిల్లలకు అరుదుగా దొరికే అవకాశం ఒకటి మనకుంది: ఎదురు డబ్బిచ్చి చదివించే కోర్సులు ఇంగ్లిష్‌లో కొన్ని ఉన్నాయి. అందుకే నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాను. ఎవరైనా డబ్బిస్తేనే దూరం వెళ్లండి. ఇవ్వకపోతే దగ్గర్లో తక్కువ ఫీజుతో ఎంఏ చేసి, మళ్లీ ప్రయత్నించండి.

## ముందు ఈ అయిదూ చూసుకోండి

డబ్బు దేనికి వస్తుంది? ఫీజు మాఫీ వేరు, నెలనెలా చేతికొచ్చే స్టైపెండ్ వేరు. ఫీజు మొత్తం మాఫీ అయినా మెస్ బిల్లుకు డబ్బులేక చదువు ఆపేసేవాళ్లున్నారు.

ఎన్నాళ్లు వస్తుంది? మొదటి ఏడాది ఇచ్చి రెండో ఏడాది "చూద్దాం" అనే సాయాన్ని సగం సాయం కింద లెక్కేసుకోండి.

బదులుగా ఏం అడుగుతారు? క్లాసులు చెప్పమంటారా, ఏటా మార్కులు చూస్తారా, చదువయ్యాక తిరిగి రావాలంటారా? రాసేవాళ్లకు అన్నిటికంటే విలువైనది సమయం. అది ఎంత మిగులుతుందో చూడండి.

ముందుగా మీ జేబులోంచి ఎంత పెట్టాలి? పరీక్ష ఫీజులు, అప్లికేషన్లు, ప్రయాణం, హాస్టల్ అడ్వాన్సు. చాలా సాయాలు చేరిన కొన్ని నెలలకు గానీ చేతికి రావు. సార్వా డబ్బు వచ్చేదాకా ఎరువుల కొట్టులో ఖాతా నడిపినట్టు, ఆ నెలలు ఎలా నెట్టుకొస్తారో ముందే అనుకోవాలి.

ఆ డిగ్రీతో తర్వాత తలుపు ఏది తెరుచుకుంటుంది? లెక్చరర్ ఉద్యోగమా, పీహెచ్‌డీయా, పుస్తకం రాసే వ్యవధా?

## ఒక్క చూపులో

| దారి | వచ్చే డబ్బు | కాలం | బదులుగా | ఎవరికి బాగుంటుంది |
|---|---|---|---|---|
| దగ్గరి విశ్వవిద్యాలయంలో ఎంఏ | ఫీజు రీయింబర్స్‌మెంట్, అర్హులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ | 2 ఏళ్లు | హాజరు, పాస్ మార్కులు | ఇంటి నుంచి కదలలేనివారికి |
| సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ, పీజీ నేషనల్ స్కాలర్‌షిప్ | నెలకు 15,000, ఏడాదికి 10 నెలలు | 2 ఏళ్లు | రెగ్యులర్ కోర్సు, మార్కులు | డిగ్రీలో మంచి మార్కులున్నవారికి |
| జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తో పీహెచ్‌డీ | నెలకు 37,000, తర్వాత 42,000 | 5 ఏళ్లు | పూర్తికాల పరిశోధన | అధ్యాపకులు కావాలనుకునేవారికి |
| అమెరికాలో ఎంఎఫ్‌ఏ (కథలు, కవిత్వం రాయడంలో పీజీ డిగ్రీ) లేదా పీహెచ్‌డీ | ట్యూషన్ మాఫీ, స్టైపెండ్ | 2–3 ఏళ్లు, లేదా 5 | ఎక్కువ చోట్ల పాఠాలు చెప్పడం | రాసిన పేజీలు బలంగా ఉన్నవారికి |
| బ్రిటన్‌లో ఏడాది ఎంఏ | చెవెనింగ్ (బ్రిటన్ ప్రభుత్వ స్కాలర్‌షిప్) లాంటివి వస్తే మొత్తం | 1 ఏడాది | పని అనుభవం, తిరిగి రావడం | కొన్నేళ్లు ఉద్యోగం చేసినవారికి |
| ఎడ్యుకేషన్ లోను | తిరిగి కట్టాల్సిన డబ్బు | – | వడ్డీ | చిన్న మొత్తానికి మాత్రమే |

## ఇంటి దగ్గర ఎంఏ

రాజమహేంద్రవరంలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం 2006లో వచ్చాక డెల్టా పిల్లలకు ఎంఏ ఇంగ్లిష్ దగ్గరైంది. అంతకుముందు చాలామంది విశాఖ వెళ్లి ఆంధ్రా యూనివర్సిటీలో చదివేవారు, ఇప్పటికీ వెళ్తున్నారు. ప్రవేశం ఏపీ పీజీసెట్ ద్వారా. ఫీజు తక్కువ, కాబట్టి ముందుగా పెట్టాల్సిన డబ్బూ తక్కువే.

ఇక్కడ జాగ్రత్త పడాల్సింది కాలేజీ ఎంపిక దగ్గర. 2020 చివర్లో వచ్చిన జీవో 77తో ప్రైవేటు కాలేజీల్లో పీజీ చేరేవారికి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగిపోయింది. దాని వల్ల ఇబ్బంది పడ్డ కుటుంబాలు మన జిల్లాల్లో తక్కువేమీ కాదు. అందుకే "మా కాలేజీలో అన్నీ వస్తాయి" అని అడ్మిషన్ల మనిషి చెప్పే మాట మీద చేరకండి. మీరు చేరే ఏడాదికి అమల్లో ఉన్న ఉత్తర్వు ఏమంటోందో సచివాలయంలోని వెల్ఫేర్ అసిస్టెంట్‌ను అడగండి, జ్ఞానభూమి పోర్టల్లో చూడండి. యూనివర్సిటీ క్యాంపస్‌లో సీటు వస్తే ప్రైవేటు కాలేజీ పక్క వీధిలోనే ఉన్నా క్యాంపస్‌నే ఎంచుకోండి.

ఈ దారిలో ఇంకో లాభం ఉంది, చాలామంది గమనించరు. అమెరికాలో కొన్ని విశ్వవిద్యాలయాలు మూడేళ్ల డిగ్రీని సరిపోయినట్టు ఒప్పుకోవు. మూడేళ్ల బీఏ మీద రెండేళ్ల ఎంఏ ఉంటే ఆ అడ్డంకి తొలగుతుంది, నెట్ (జేఆర్‌ఎఫ్, లెక్చరర్ అర్హత ఇచ్చే యూజీసీ పరీక్ష) రాసే అర్హత కూడా వస్తుంది. అంటే ఈ రెండేళ్లు మీ ముందున్న ఏ దారినీ మూసేయవు.

లోటు కూడా చెప్పాలి. క్రియేటివ్ రైటింగ్‌లో మీ కథను అచ్చంగా కథగా చదివి తప్పొప్పులు చెప్పే తరగతి ఇక్కడి ఎంఏలో దొరకదు. దానికోసం ఇగ్నోలో ఇంగ్లిష్ క్రియేటివ్ రైటింగ్ డిప్లొమా ఉంది, ఢిల్లీ అంబేడ్కర్ విశ్వవిద్యాలయంలో లిటరరీ ఆర్ట్ పేరుతో ఎంఏ ఉంది.

## హైదరాబాద్ దాకా వెళ్లగలిగితే

గౌతమి ఎక్కితే తెల్లారేసరికి లింగంపల్లి. అక్కడికి దగ్గర్లోనే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఊళ్లోనే ఇఫ్లూ (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ). ఇంగ్లిష్ చదువుకు దేశంలో మంచి పేరున్న రెండు చోట్లూ మనకు ఒక రాత్రి ప్రయాణం దూరంలోనే ఉన్నాయి. సెంట్రల్ యూనివర్సిటీలో సీటుకు సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. ఇఫ్లూ ప్రకటన వేరుగా చూసుకోవాలి. రెండూ కేంద్ర విశ్వవిద్యాలయాలు కాబట్టి చదువు ఫీజు భయపడేంత ఉండదు. ఖర్చంతా హాస్టల్, మెస్, పుస్తకాలది.

ఆ ఖర్చుకు సరిపోయేది యూజీసీ వారి నేషనల్ స్కాలర్‌షిప్ ఫర్ పోస్ట్ గ్రాడ్యుయేట్ స్టడీస్. నెలకు 15,000 చొప్పున ఏడాదికి పది నెలలు, రెండేళ్లు. మొత్తం మూడు లక్షలు. దేశం మొత్తానికి 10,000 మందికి ఇస్తారు. డిగ్రీ మార్కులు చూస్తారు, పీజీ మొదటి ఏడాది రెగ్యులర్ విద్యార్థి అయి ఉండాలి, వయసు 30 దాటకూడదు. దూరవిద్యలో చదివేవాళ్లకు రాదు. దరఖాస్తు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్లో. సీటు వచ్చిన సంతోషంలో ఈ గడువు మర్చిపోతే రెండో ఏడాదిలో పెట్టుకోవడానికి వీలుండదు. ఇది రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చదివేవాళ్లకు కూడా ఉందని గుర్తుంచుకోండి. రాజమహేంద్రవరంలో చదువుతున్నాం, మనకెందుకు ఇస్తారులే అనుకుని వదిలేయకండి.

## జేఆర్‌ఎఫ్: అయిదేళ్ల భరోసా

పాఠాలు చెప్పడం మీద మనసున్న వాళ్లకు ఇంతకంటే గట్టి దారి నాకు కనిపించదు. యూజీసీ నెట్ ఏడాదికి రెండుసార్లు, జూన్, డిసెంబర్ పేరుతో జరుగుతుంది. మొదటి పేపర్ 50 ప్రశ్నలు, ఇంగ్లిష్ పేపర్ 100 ప్రశ్నలు, అన్నీ కలిపి 300 మార్కులు, మూడు గంటలు. తప్పు రాస్తే మార్కులు కోయరు. ఎంఏలో 55 శాతం ఉండాలి, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ నాన్ క్రీమీలేయర్, దివ్యాంగులకు 50 చాలు. జేఆర్‌ఎఫ్‌కు వయసు 30 లోపు. ఈ వర్గాలవారికి, మహిళలకు అయిదేళ్ల సడలింపు ఉంది. పెళ్లయి, పిల్లలు కాస్త పెద్దయ్యాక మళ్లీ పుస్తకం పట్టాలనుకునే అమ్మాయిలు ఈ సడలింపును వాడుకోవాలి.

2023 జనవరి నుంచి అమలైన లెక్క ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాతి మూడేళ్లు 42,000. అయిదేళ్లకు కలిపి 24 లక్షలు. హాస్టల్ ఇవ్వకపోతే ఇంటద్దె అదనం, పుస్తకాలకు ఏటా కొంత కంటింజెన్సీ. యూనివర్సిటీ నెలనెలా ధ్రువీకరించి పంపితేనే ఖాతాలో పడుతుంది కాబట్టి కొన్నిసార్లు రెండు మూడు నెలలవి ఒకేసారి వస్తాయి. చేరేటప్పుడు మూడు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోండి.

జేఆర్‌ఎఫ్ కొద్దిలో తప్పిపోయిన ఎస్సీ, ఓబీసీ అభ్యర్థులకు నెట్ మార్కుల ఆధారంగానే వేరే నేషనల్ ఫెలోషిప్‌లు ఉన్నాయి. మొత్తం జేఆర్‌ఎఫ్‌తో సమానం. అసలు ఏ ఫెలోషిప్పూ రాకుండా కేంద్ర విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేరితే నాన్ నెట్ ఫెలోషిప్ కింద నెలకు 8,000 ఇస్తారు. హైదరాబాద్‌లో ఆ డబ్బుతో నెల గడవదు. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో అయితే అది కూడా చాలామందికి ఉండదు. సొంత డబ్బుతో అయిదేళ్ల పీహెచ్‌డీ మొదలుపెట్టే బదులు ఇంకో రెండుసార్లు నెట్ రాయడమే మంచిదని నేను గట్టిగా చెబుతాను.

ఒక్క సంగతి మాత్రం రాసేవాళ్లు అర్థం చేసుకోవాలి. ఈ డబ్బు పరిశోధనకు. సిద్ధాంత గ్రంథం రాయాలి, మీ నవల రాత్రిపూట రాసుకోవాలి. తెలుగు, ఇంగ్లిష్ రెండు సాహిత్యాలనూ కలిపి చదవాలనుకునేవారికి సెంట్రల్ యూనివర్సిటీలో కంపేరిటివ్ లిటరేచర్ కేంద్రం ఉంది. కాలువ గట్ల మీద పుట్టిన కథల్ని ప్రపంచ సాహిత్యం పక్కన పెట్టి చూడాలనుకునేవారికి అది సరైన చోటు.

## అమెరికా: "ఫుల్లీ ఫండెడ్" అన్నంత మాత్రాన సరిపోదు

ఇక్కడ కాస్త ఆగి చదవండి, ఎక్కువమంది పొరపడేది ఇక్కడే.

అమెరికాలో ఇంగ్లిష్ విభాగాల్లో మూడు రకాల డిగ్రీలుంటాయి. ఎంఏకు సాయం తక్కువ, చాలాచోట్ల సొంత డబ్బే. పీహెచ్‌డీకి చేర్చుకున్నవాళ్లకు మంచి విశ్వవిద్యాలయాలు సాధారణంగా అయిదేళ్లు ట్యూషన్ మాఫీ, స్టైపెండ్ ఇస్తాయి. క్రియేటివ్ రైటింగ్‌లో ఎంఎఫ్‌ఏ మాత్రం రెండు విధాలు. కార్నెల్, మిషిగన్, జాన్స్ హాప్‌కిన్స్ లాంటి చోట్ల తక్కువమందిని తీసుకుని, తీసుకున్నవాళ్లందరికీ డబ్బిస్తారు. కార్నెల్‌లో ఏటా ఎనిమిది మందే. వేరే కొన్నిచోట్ల ఎక్కువమందిని తీసుకుని, ఎక్కువమంది దగ్గర ఫీజు వసూలు చేస్తారు. పేరు చూసి రెండో రకంలో చేరితే ఒక్క డిగ్రీకి ఎకరాలు కరిగిపోతాయి.

అమెరికా ప్రభుత్వం తన విద్యార్థులకిచ్చే ఫెడరల్ సాయం మనకు రాదు. విభాగం ఇచ్చే అసిస్టెంట్‌షిప్, ఫెలోషిప్ మాత్రం చాలాచోట్ల విదేశీ విద్యార్థులకూ సమానంగా ఇస్తారు. కాబట్టి వెతకాల్సింది విభాగం పేజీలో. సాయం లేఖ వచ్చాక వీటిని ఈమెయిల్లో అడగండి, సిగ్గుపడకండి, అక్కడ అందరూ అడుగుతారు:

- ట్యూషన్ మాఫీ అన్ని ఏళ్లకూనా, మొదటి ఏడాదికేనా?
- ట్యూషన్ కాకుండా స్టూడెంట్ ఫీజులు, హెల్త్ ఇన్సూరెన్స్ ఎవరు కట్టాలి?
- స్టైపెండ్ తొమ్మిది నెలలకా, పన్నెండు నెలలకా? వేసవిలో ఏం చేయాలి?
- సెమిస్టర్‌కు ఎన్ని క్లాసులు చెప్పాలి? మొదటి ఏడాది నుంచేనా?
- రెన్యూవల్‌కు షరతులేంటి?

వేసవి మూడు నెలల సంగతే అన్నిటికంటే ఇబ్బంది పెడుతుంది. ఎఫ్‌1 వీసా మీద చదువు నడిచేటప్పుడు క్యాంపస్‌లోనే వారానికి 20 గంటల వరకు పని చేయవచ్చు, బయట ఎక్కడపడితే అక్కడ చేయడానికి వీల్లేదు. అసిస్టెంట్‌షిప్ గంటలు కూడా ఆ 20లోనే లెక్క. భార్యనో భర్తనో ఎఫ్‌2 మీద తీసుకెళ్తే వాళ్లు ఉద్యోగం చేయకూడదు. ఒక్కరికి సరిపోయే స్టైపెండ్ ఇద్దరికి చాలదు.

టీచింగ్ అసిస్టెంట్‌షిప్ అంటే అక్కడి మొదటి ఏడాది విద్యార్థులకు వ్యాసరచన నేర్పడం. తెలుగు మీడియంలో చదివినవాళ్లకు ఇది విని టెన్షన్ వస్తుంది. టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్షలో స్పీకింగ్ మార్కులు ప్రత్యేకంగా చూసే చోట్లు ఉన్నాయి, కాబట్టి మాట్లాడటం మీద ఆరు నెలలు ముందు నుంచే శ్రమపడాలి. యాస గురించి బెంగ అక్కర్లేదు, స్పష్టత కావాలి.

అప్లికేషన్లో అన్నిటికంటే బరువైనది మీరు రాసి పంపే పేజీలు. కథలైతే సుమారు 25–30 పేజీలు, కవితలైతే పదో పన్నెండో అడుగుతారు. చాలాచోట్ల ఇప్పుడు జీఆర్‌ఈ అడగడం లేదు. ఒక్కో విశ్వవిద్యాలయానికి వంద డాలర్ల దాకా ఫీజు, టోఫెల్ లేదా ఐఈఎల్‌టీఎస్‌కు పదిహేను వేల పైన. పది చోట్లకు పెడితే లక్ష దాటేస్తుంది. అందుకే అయిదారు చోట్లకు మించి పెట్టకండి, అవన్నీ అందరికీ డబ్బిచ్చేవే అయి ఉండాలి, ఫీజు మాఫీ అడిగే వీలుంటే తప్పకుండా అడగండి.

సాయంతో కూడిన సీటు వస్తే కంగారుగా ఒప్పుకోవాల్సిన పని లేదు. ఏప్రిల్ 15 దాకా ఆలోచించుకునే వ్యవధి ఇవ్వాలని అక్కడి అనేక విశ్వవిద్యాలయాలు ఒప్పందం చేసుకున్నాయి. ఆ లోపు మిగతా జవాబులూ వస్తాయి.

తర్వాత సంగతి: ఈ డిగ్రీ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ లాంటి కోర్సులు) కిందికి రాదు కాబట్టి చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకోనిచ్చే ఓపీటీ అనుమతి పన్నెండు నెలలే. అప్పు లేకుండా వెళ్లినవాళ్లకు అది సమస్య కాదు, రాసిన పుస్తకంతో తిరిగి వస్తారు. అప్పుతో వెళ్లినవాళ్లకు ఆ పన్నెండు నెలలు నిద్ర పట్టనివ్వవు.

## బ్రిటన్, లోను, మరికొన్ని

బ్రిటన్‌లో ఎంఏ ఏడాదే, కానీ విభాగం నుంచి సాయం తక్కువ. చెవెనింగ్ వస్తే ఫీజు, ఖర్చు, విమానం టికెట్ అన్నీ వాళ్లవే. దానికి 2,800 గంటల పని అనుభవం కావాలి, చదువయ్యాక రెండేళ్లు సొంత దేశంలో ఉండాలి. స్కూల్లోనో జూనియర్ కాలేజీలోనో రెండేళ్లు పని చేసినవారు ప్రయత్నించదగినది.

ఎస్సీలు, సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తుల కుటుంబాల పిల్లలకు కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. ఏటా 125 మందికి. డిగ్రీలో 60 శాతం, వయసు 35 లోపు, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు. ఫీజుతో పాటు అమెరికాలో ఏడాదికి 15,400 డాలర్లు, బ్రిటన్‌లో 9,900 పౌండ్ల జీవన భత్యం. అయితే 2022 మార్గదర్శకాల్లో భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారతదేశం మీద సామాజిక అధ్యయనాలను మినహాయించారు. దళిత సాహిత్యం మీద విదేశంలో పరిశోధన చేద్దామనుకునే విద్యార్థికి ఇది పెద్ద దెబ్బ. ఈ నిబంధన తీసేయాలని నేను కోరుకుంటున్నాను. అప్పటిదాకా అంశాన్ని ఎలా రాయాలో గైడ్‌తో కూర్చుని ఆలోచించుకోవాలి.

లోను గురించి ఒక లెక్క చాలు. 10 లక్షలు, 11 శాతం వడ్డీ, పదేళ్లు అయితే నెలకు దాదాపు 13,800. నలభై లక్షలైతే 55,000. చదువుకునే కాలంలో పెరిగే వడ్డీ దీనికి అదనం. మీ ఊరి దగ్గర ప్రైవేటు కాలేజీలో కొత్తగా చేరిన ఇంగ్లిష్ లెక్చరర్‌కు ఎంత ఇస్తున్నారో అడిగి, ఈ అంకె పక్కన పెట్టి చూడండి. దేశంలో చదువుకు పీఎం విద్యాలక్ష్మి కింద ఎంపిక చేసిన సంస్థల్లో హామీదారు లేకుండా లోను ఇస్తారు, 8 లక్షల లోపు ఆదాయం ఉన్నవారికి చదువుకునే కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. హాస్టల్ ఖర్చుకు లక్షో రెండో కావలిస్తే అది ఆలోచించవచ్చు.

డిగ్రీ అక్కర్లేదు, రాయడానికి వ్యవధి కావాలి అనేవారికి నేషనల్ బుక్ ట్రస్ట్ నడిపే పీఎం యువ పథకం ఉంది. 30 ఏళ్ల లోపు రచయితలకు ఆరు నెలలు నెలకు 50,000, ఒక మెంటర్. తెలుగులో రాసినా సరే. అంశాన్ని వాళ్లే ప్రకటిస్తారు, అది మీకు నచ్చితేనే వెళ్లండి.

## మీరు ఎవరైతే ఏది

ఇంట్లో మీరే మొదటి పీజీ, నాన్నగారిది కౌలు వ్యవసాయం అనుకుందాం. యూనివర్సిటీ క్యాంపస్‌లో ఎంఏ, పీజీ నేషనల్ స్కాలర్‌షిప్, రెండో ఏడాది నుంచే నెట్ తయారీ. మీకు ఇదే. కౌలు కుటుంబాలకు ఐటీ రిటర్నులు, జీతం స్లిప్పులు ఉండవు కాబట్టి పెద్ద లోనుకు బ్యాంకు ఎలాగూ పొలం కాగితాలే అడుగుతుంది.

డిగ్రీలో మంచి మార్కులు ఉండి, హైదరాబాద్ పంపడానికి ఇంట్లో ఒప్పుకుంటే సీయూఈటీ పీజీ రాయండి. అక్కడి లైబ్రరీ, తోటి విద్యార్థులు మీ చదువు స్థాయినే మార్చేస్తారు.

ఇప్పటికే స్కూల్లో ఇంగ్లిష్ చెబుతూ ఇల్లు నడిపేవారు ఉద్యోగం మానకండి. దూరవిద్యలో ఎంఏ చేసి నెట్ రాయండి, జేఆర్‌ఎఫ్ వచ్చిన రోజున రాజీనామా గురించి ఆలోచించవచ్చు. చెవెనింగ్ దారి కూడా మీకు తెరిచే ఉంటుంది.

మీరు రాసే మనిషైతే, చూపించడానికి పూర్తయిన కథలు నాలుగైదు ఉంటే, అందరికీ డబ్బిచ్చే ఎంఎఫ్‌ఏలకు పెట్టండి. మొదటిసారి రాకపోవడం మామూలు. ఎంఏ చదువుతూనే మళ్లీ పెట్టవచ్చు, ఈలోగా కథలూ మెరుగవుతాయి. కథలు ఇంకా పూర్తి కాకపోతే ఈ ఏడాది అప్లికేషన్ డబ్బు మిగుల్చుకుని పుస్తకాలు కొనుక్కోండి.

## ఎప్పుడు ఏం చేయాలి

చెవెనింగ్ ఆగస్టులో మొదలవుతుంది. అమెరికా అప్లికేషన్ల గడువులు డిసెంబర్, జనవరి. సీయూఈటీ పీజీ దరఖాస్తులూ ఇంచుమించు అప్పుడే, పరీక్ష మార్చిలో. పీజీసెట్ వేసవిలో. సిఫారసు లేఖలు ఇచ్చే మాస్టార్లను కనీసం రెండు నెలల ముందే కలవండి, మీరు రాసిన పేజీలు వాళ్ల చేతికివ్వండి.

ఆదాయం, ఈడబ్ల్యూఎస్, నాన్ క్రీమీలేయర్ పత్రాల్లో చాలావాటికి ఆర్థిక సంవత్సరం మారగానే కొత్తవి అడుగుతారు. ఏప్రిల్లోనే సచివాలయంలో దరఖాస్తు పెట్టేయండి. ఆధార్‌లో, పదో తరగతి సర్టిఫికెట్‌లో, బ్యాంకు ఖాతాలో పేరు అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉందో లేదో అప్పుడే చూసుకోండి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉన్నందుకే ఆగిపోయిన స్కాలర్‌షిప్‌లు మన వైపు చాలా ఉన్నాయి.